కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో వ్యవసాయం చదవాలంటే ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లలో వ్యవసాయం అంటే ప్రాణం పెట్టేవాళ్లు చాలామందే ఉన్నారండి. బ్యాక్‌యార్డ్‌లో గోంగూర, బీర, సొర వేసి కాసినవన్నీ ఫ్రెండ్స్‌కి పంచేవాళ్లు, ఊళ్లో పొలం ఉండి ఎప్పటికైనా వెళ్లి చూసుకోవాలనుకునేవాళ్లు, పిల్లాడికి కోడింగ్ కంటే మొక్కలంటేనే ఇష్టమని తెలిసి ఏం చేయాలో తోచక తిరిగే అమ్మానాన్నలు. వీళ్లందరికీ నేను చెప్పేది ఒకటే, ముందు మీ దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీ చూడండి. నేను సెంట్రల్ వ్యాలీలో (కాలిఫోర్నియా మధ్యలో ఉన్న పెద్ద వ్యవసాయ లోయ) ప్లాంట్ సైన్స్ చదివాను కాబట్టి కాలిఫోర్నియా సంగతే రాస్తున్నా, వేరే స్టేట్‌లో ఉన్నవాళ్లకి ఫీజులు, ట్రాన్స్‌ఫర్ రూల్స్ మారతాయి గానీ పనుల వరస దాదాపు ఇదే ఉంటుంది.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల గవర్నమెంట్ కాలేజీ, కాలిఫోర్నియాలో ఇవి 116 ఉన్నాయి, ఈ స్టేట్‌లో మొదటిది 1910లో ఫ్రెస్నోలో పెట్టారు. మన దగ్గర పదో తరగతి తర్వాత అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో రెండేళ్లు డిప్లొమా చేసి, అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లోకి వెళ్తారు కదా, ఆ మెట్టు లాంటిదే ఇది కూడా. తేడా ఏంటంటే ఇక్కడ ఎంట్రన్స్ లేదు, వయసు అడ్డం లేదు, నా పక్క బెంచీలో ఒకవైపు పద్దెనిమిదేళ్ల పిల్ల ఉంటే ఇంకోవైపు రిటైరైన తాతగారు ఉండేవారు, ఇద్దరికీ ఒకటే హోంవర్క్.

మొదటి పని: దేనికోసం చదువుతున్నారో తేల్చుకోండి

ఇది తేలకుండా అప్లికేషన్ పెట్టొద్దు, ఎందుకంటే తీసుకోవాల్సిన క్లాసులన్నీ దీన్ని బట్టే మారిపోతాయి. డిగ్రీ చేయాలి, తర్వాత యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలి అనుకుంటే మీకు కావాల్సింది అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్, అందులో అగ్రికల్చర్ ప్లాంట్ సైన్స్ అని విడిగా ఒక డిగ్రీ ఉంటుంది. త్వరగా పనిలో చేరాలి అనుకుంటే సర్టిఫికెట్ చాలు, ఇరిగేషన్, నర్సరీ, పెస్ట్ మేనేజ్‌మెంట్ ఇలా రకరకాలు ఉంటాయి, కాలేజీని బట్టి ఆరు నెలల నుంచి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. మూడో రకం, నాకు సర్టిఫికెట్టూ వద్దు డిగ్రీ వద్దు, మట్టి గురించి నేర్చుకుంటే చాలు అనేవాళ్లు, వీళ్లు నచ్చిన క్లాసు ఒక్కటి తీసుకోవచ్చు, ఎవరూ అడగరు.

ఇండియాలో ఇప్పటికే బీటెక్కో బీఎస్సీనో అయిపోయినవాళ్లు ఇక్కడ ఒక విషయం గమనించాలి. రెండో బ్యాచిలర్స్‌కి చాలా యూనివర్సిటీ క్యాంపస్‌లు సీటు ఇవ్వవు. కాబట్టి మీకు మళ్లీ మొదటి నుంచి రెండేళ్లు అనవసరం, ప్లాంట్ సైన్స్, సాయిల్ సైన్స్, కెమిస్ట్రీ లాంటి నాలుగైదు క్లాసులు ఇక్కడ చేసి ఆ మార్కులతో నేరుగా మాస్టర్స్‌కి అప్లై చేయడం మంచి దారి, లేదంటే సర్టిఫికెట్ తీసుకుని పనిలోకి దిగడం. మీ ఇండియా ట్రాన్స్‌క్రిప్ట్స్‌ని ఎవాల్యుయేషన్ ఏజెన్సీ ద్వారా చూపించాల్సి ఉంటుంది, ఏ ఏజెన్సీది ఒప్పుకుంటారో కాలేజీ వెబ్‌సైట్‌లో లిస్ట్ ఉంటుంది, అది చూసుకున్నాకే డబ్బులు కట్టండి.

హైస్కూల్లో ఉన్న పిల్లలకి డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అని ఉంది. స్కూల్లో చదువుతూనే కాలేజీ క్లాసు తీసుకోవచ్చు, చాలా కాలేజీలు వాళ్ల దగ్గర యూనిట్ ఫీజు (క్లాసుకి ఉండే క్రెడిట్లనే ఇక్కడ యూనిట్లు అంటారు) కూడా తీసుకోవు. మీ పిల్లకి నిజంగా మొక్కల మీద ఇష్టమా లేక బయాలజీ టీచర్ నచ్చిందా అన్నది ఒక సమ్మర్ క్లాసుతో తేలిపోతుంది. దయచేసి ఆ ఒక్క క్లాసూ చేయనివ్వండి, వ్యవసాయం చదివితే పెళ్లి సంబంధాలు రావు లాంటి మాటలు మన ఇళ్లలో ఇంకా వింటున్నా, అది వింటే బాధేస్తుంది, ఆ మాట విని వెనక్కి తగ్గిన పిల్లలు నాకు తెలుసు.

రెండో పని: పొలం ఉన్న కాలేజీ చూసుకోండి

నా మటుకు నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం. కాలేజీకి సొంత భూమి ఉందా, గ్రీన్‌హౌస్ ఉందా, స్టూడెంట్స్ చేతులు నిజంగా మట్టిలో పడతాయా లేక స్లైడ్లతోనే సరిపెడతారా. వ్యవసాయం ఆన్‌లైన్‌లో కూడా చెప్తున్నారు, థియరీ వరకు ఫర్వాలేదు, కానీ అంటు కట్టడం, మట్టి పట్టుకుని చూడటం, ఆకు మీద మచ్చ చూసి ఇది తెగులా పురుగా లేక పోషకం తక్కువైందా అని చెప్పడం ఇవి స్క్రీన్ మీద రావు.

సెంట్రల్ వ్యాలీలో అయితే రీడ్లీ కాలేజీ, ట్యులేర్‌లో కాలేజ్ ఆఫ్ ద సెకోయాస్, మొడెస్టో జూనియర్ కాలేజీ, మెర్సెడ్ కాలేజీ, బేకర్స్‌ఫీల్డ్ కాలేజీ ఇవన్నీ వ్యవసాయానికి పేరున్నవి. చుట్టూ బాదం, ద్రాక్ష, పిస్తా, నారింజ, టమాటా పొలాలే. సాలినాస్‌లో హార్ట్‌నెల్ కాలేజీ ఉంది, అమెరికా తినే లెట్యూస్‌లో పెద్ద భాగం ఆ లోయ నుంచే వస్తుంది, అక్కడ కూరగాయలు, ఆకుకూరల మీద దృష్టి ఎక్కువ. శాంటా రోసా జూనియర్ కాలేజీకి షోన్ ఫామ్ అని 365 ఎకరాల పొలం ఉంది, ద్రాక్షతోట, అడవి, కూరగాయలు అన్నీ ఒకే చోట. లాస్ ఏంజిలెస్ వైపు ఉన్నవాళ్లు వాల్‌నట్ ఊళ్లో మౌంట్ శాక్ చూడండి.

బే ఏరియాలో ఉన్నవాళ్లు అంత దూరం పోలేం కదా అంటారు. లాస్ ఆల్టోస్ హిల్స్‌లో ఫుట్‌హిల్ కాలేజీలో, ఓక్లాండ్‌లో మెరిట్ కాలేజీలో హార్టికల్చర్ ఉంది, డబ్లిన్, ప్లెజంటన్ వైపు ఉన్నవాళ్లకి లివర్మోర్‌లో లాస్ పోసిటాస్ దగ్గర, అక్కడ ద్రాక్షసాగు కూడా చెప్తారు. ఇవి పెద్ద పంటల వ్యవసాయం కంటే నర్సరీ, ల్యాండ్‌స్కేప్ వైపు మొగ్గుతాయి, అది గుర్తుపెట్టుకుని వెళ్లండి.

వెబ్‌సైట్ ఫోటోలు చూసి నిర్ణయం తీసుకోవద్దు. అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్‌కి ఒక మెయిల్ పెట్టి ఫామ్ చూడొచ్చా అని అడగండి, సంతోషంగా రమ్మంటారు. వెళ్లినప్పుడు ట్రాక్టర్ ఎంత కొత్తది అని కాదు చూడాల్సింది, చెట్ల మొదళ్లలో స్టూడెంట్స్ పేర్లు రాసిన ట్యాగులు ఉన్నాయా, ప్రాపగేషన్ బెంచీ (కొత్త మొక్కలు పెంచే బల్ల) మీద ట్రేలు నిండుగా ఉన్నాయా, డ్రిప్ లైన్లు పని చేస్తున్నాయా, అవి చూడండి. ట్రేలు ఖాళీగా దుమ్ము పట్టి ఉంటే ఆ కాలేజీలో ల్యాబ్ సరిగ్గా నడవట్లేదని అర్థం.

మూడో పని: రెసిడెన్సీ, డబ్బులు

కాలిఫోర్నియా రెసిడెంట్ అయితే ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు, క్వార్టర్ సిస్టమ్‌లో నడిచే ఫుట్‌హిల్ లాంటి చోట 31 డాలర్లు. డిగ్రీకి 60 సెమిస్టర్ యూనిట్లు అనుకుంటే 2,760 డాలర్లు, రెండేళ్లకీ కలిపి. దీనికి హెల్త్ ఫీజు, పార్కింగ్, పుస్తకాలు తోడవుతాయి. క్లాస్ షెడ్యూల్‌లో జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ అని గుర్తు ఉన్న సెక్షన్లు ఉంటాయి, అవి పట్టుకుంటే పుస్తకాల ఖర్చు కూడా మిగులుతుంది. రెసిడెంట్ కాకపోతే యూనిట్‌కి మూడు వందల డాలర్లు దాటే అదనంగా కట్టాలి, అప్పుడు లెక్క మొత్తం మారిపోతుంది, అందుకే ముందు ఇది చూసుకోమంటున్నా.

రెసిడెంట్ అనిపించుకోవాలంటే టర్మ్ మొదలయ్యేనాటికి ఏడాది పైన ఒక రోజు కాలిఫోర్నియాలో ఉండాలి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని చూపించాలి, అంటే డ్రైవింగ్ లైసెన్స్, స్టేట్ ట్యాక్స్ రిటర్న్, లీజు ఇలాంటివి. హెచ్‌4 (డిపెండెంట్ వీసా)లో ఉన్నవాళ్లకి చాలామందికి తెలియని సంగతి, మీరు ఎఫ్‌1 స్టూడెంట్ వీసాకి మారకుండానే చదువుకోవచ్చు, ఏడాది రూల్ దాటితే రెసిడెంట్ ఫీజుకి కూడా అర్హత ఉంటుంది. కాకపోతే జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయాలంటే ఈఏడీ (పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు) ఉండాల్సిందే, ఫామ్‌లో గంటల లెక్కన పని ఇస్తామన్నా ఈఏడీ లేకుండా ఒప్పుకోకండి, జీతం లేని పని అయినా ముందు కాలేజీ ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో అడిగి చేయండి. సిటిజన్లు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు ఫాఫ్సా (చదువుకి ప్రభుత్వ ఆర్థిక సాయం అడిగే ఫారం) నింపండి, ఆదాయం తక్కువున్న రెసిడెంట్లకి ప్రామిస్ గ్రాంట్ కింద యూనిట్ ఫీజు పూర్తిగా మాఫీ అవుతుంది.

నాలుగో పని: అప్లికేషన్, కౌన్సెలర్, ఎడ్ ప్లాన్

అప్లికేషన్ సీసీసీ అప్లై అనే సైట్‌లో, ఫీజు లేదు, గంటలో అయిపోతుంది. అందులో మేజర్ అడిగిన చోట ఏదో ఒకటి పెట్టేయొద్దు, అగ్రికల్చర్ ప్లాంట్ సైన్స్ అనే పెట్టండి. ఆ తర్వాత ఓరియంటేషన్ చేసి కౌన్సెలర్‌తో కూర్చుని ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకోవాలి, ఈ రెండూ చేసినవాళ్లకి రిజిస్ట్రేషన్ తేదీ ముందుగా వస్తుంది. జనరల్ కౌన్సెలర్ దగ్గరికి కాకుండా వ్యవసాయం చూసే కౌన్సెలర్ ఎవరో కనుక్కుని వాళ్ల దగ్గరికే వెళ్లండి. ఏ సెమిస్టర్‌లో ఏ క్లాసు ఉంటుంది, ఏది రెండేళ్లకోసారే వస్తుంది అనేది వాళ్లకే తెలుస్తుంది. అంటు కట్టే క్లాసు వసంతంలోనే పెడతారు, అది మిస్సయితే మళ్లీ ఏడాది ఆగాలి.

ఫాల్ సెమిస్టర్ ఆగస్ట్‌లో, స్ప్రింగ్ జనవరిలో మొదలవుతాయి. ఫాల్‌కి రిజిస్ట్రేషన్ ఏప్రిల్, మేలోనే తెరుస్తారు, ల్యాబ్ ఉన్న సెక్షన్లు ముందు నిండిపోతాయి. నిండిపోతే వెయిట్‌లిస్ట్‌లో చేరి మొదటి రోజు క్లాసుకి తప్పకుండా వెళ్లి కూర్చోండి, ఎవరో ఒకరు రారు, ప్రొఫెసర్ క్లాసులో చేరడానికి యాడ్ కోడ్ ఇస్తారు. ఒకవేళ మోయలేని లోడ్ తీసుకున్నాం అనిపిస్తే మొదటి రెండు వారాల్లోనే డ్రాప్ చేసేయండి, గడువు దాటితే ట్రాన్స్‌క్రిప్ట్ మీద డబ్ల్యూ (విత్‌డ్రా అయ్యారన్న గుర్తు) పడుతుంది. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకి రెండు క్లాసులు చాలు, మూడు యూనిట్ల క్లాసు అంటే వారానికి మూడు గంటల పాఠం, దానికి తోడు ఇంట్లో ఆరు గంటల చదువు, ల్యాబ్ ఉంటే ఇంకో మూడు గంటలు.

ఐదో పని: సాయిల్ సైన్స్ ముందు పెట్టుకోండి

చాలామంది ఇంట్రో ప్లాంట్ సైన్స్ తీసుకుని, కెమిస్ట్రీ అంటే భయపడి సాయిల్ సైన్స్ చివరికి నెట్టేస్తారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. మట్టి అర్థమైతే తర్వాత వచ్చే నీటి తడులు, ఎరువులు, వేరు తెగుళ్లు అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. మొదటి సెమిస్టర్‌లో ఇంట్రో ప్లాంట్ సైన్స్, బేసిక్ కెమిస్ట్రీ, రెండో సెమిస్టర్‌లో సాయిల్ సైన్స్ పెట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది. స్టాటిస్టిక్స్, అగ్రికల్చర్ ఎకనామిక్స్ కూడా చాలా కాలేజీల్లో ఈ డిగ్రీలో ఉంటాయి, వాటిని ఇంగ్లీష్ లాంటి జనరల్ ఎడ్యుకేషన్ క్లాసులతో కలిపి మధ్యలో సర్దుకోండి.

సాయిల్ ల్యాబ్‌లో మొదట నేర్పేది చేత్తో మట్టి రకం చెప్పడం, ఇది మీరు ఇంట్లో ఈరోజే చేసి చూడొచ్చు. గుప్పెడు మట్టి తీసుకుని రాళ్లూ వేళ్లూ ఏరేయండి. కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ చపాతీ పిండిలా పిసకండి, ఉండ చేస్తే విరగకుండా నిలబడాలి, నిలబడకపోతే అది ఉత్త ఇసుక. ఆ ఉండని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నొక్కుతూ వేలి మీదుగా పైకి రిబ్బన్ సాగదీయండి, తన బరువుకి తనే తెగిపోయేదాకా. అంగుళం లోపే తెగితే లోమ్ (ఇసుక, ఒండ్రు, బంకమన్ను కలిసిన నేల) జాతి, ఒకటి రెండు అంగుళాల మధ్యైతే క్లే లోమ్, రెండు అంగుళాలు దాటితే క్లే, అంటే బంకమన్ను. తర్వాత చిటికెడు మట్టి అరచేతిలో వేసి నీళ్లు బాగా పోసి వేలితో రుద్దండి, గరగరలాడితే ఇసుక పాలు ఎక్కువ, నున్నగా జారితే ఒండ్రు పాలు ఎక్కువ. ఇదంతా ఐదు నిమిషాల పని, కానీ సెమిస్టర్ మొత్తం చేస్తూ ఉంటే చేతికి పట్టుబడుతుంది, ల్యాబ్ పరీక్షలో వరసగా పెట్టిన శాంపిల్స్‌కి ఇలాగే పేర్లు రాయమంటారు. నల్లరేగడి నేలల్లో పెరిగినవాళ్లకి క్లే ఎలా సాగుతుందో, ఎండితే ఎలా బీటలు తీస్తుందో చెప్పక్కర్లేదు, ఆ అనుభవం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది.

సెంట్రల్ వ్యాలీలో చదివితే సాన్ వాకీన్ నేల గురించి తప్పకుండా వింటారు, అది కాలిఫోర్నియా స్టేట్ సాయిల్, పై మట్టి కింద సిమెంటులా గట్టిపడిన హార్డ్‌పాన్ పొర ఉంటుంది. నీళ్లు దిగవు, వేళ్లు దిగవు. పాతకాలంలో చెట్టు నాటడానికి డైనమైట్ పెట్టి ఆ పొర పగలగొట్టేవాళ్లు, ఇప్పుడు పెద్ద ట్రాక్టర్లతో లోతుగా రిప్పింగ్ చేస్తారు. ల్యాబ్‌లో గుంట తవ్వి ఆ పొరని గునపంతో కొట్టిస్తారు, ఆ చప్పుడు వింటే తోట పెట్టే ముందు గుంట తవ్వి చూడాలి అన్న మాట మళ్లీ ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు.

ఆరో పని: మన లెక్కల్ని ఇక్కడి లెక్కల్లోకి మార్చుకోండి

ఊళ్లో వ్యవసాయం చూసినవాళ్లకి మొదట్లో తికమక పెట్టేది వాన. మనకి జూన్‌లో తొలకరి పడితే దుక్కి దున్ని విత్తనం వేస్తాం, ఇక్కడ సరిగ్గా దానికి తిరగబడి ఉంటుంది, వానలు చలికాలంలో, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చుక్క పడదు. అంటే వేసవి పంట మొత్తం పారించిన నీటి మీదే, ఆ నీళ్లు కొండల మీద మంచు కరిగి కాలువల్లో రావాలి లేదా బోరులోంచి తోడాలి. భూగర్భ జలాల మీద 2014లో స్టేట్ చట్టం కూడా తెచ్చింది, అందుకే ఇరిగేషన్ క్లాసు ఇక్కడ ఆషామాషీ కాదు, ఆ చదువు చదివినవాళ్లకి పని దొరుకుతుంది. రోజుకి పంట ఎంత నీరు తాగుతుందో లెక్కకట్టడానికి సిమిస్ అని వాతావరణ స్టేషన్ల నెట్‌వర్క్ ఉంది, 1982 నుంచి నడుస్తోంది, డేటా అందరికీ ఫ్రీ. మీ ఊరి స్టేషన్ నంబర్ కనుక్కుని వారం రోజులు ఆ అంకెలు చూస్తూ ఉండండి, క్లాసులో సగం భయం పోతుంది. అలాగే చలి గంటలు అనే లెక్క, బాదం, చెర్రీ, పీచ్ చెట్లకి చలికాలంలో 45 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తక్కువ చలి కొన్ని వందల గంటలు తగలకపోతే పూత సరిగ్గా రాదు. మామిడి, బత్తాయి చూసి పెరిగినవాళ్లకి ఇది కొత్త.

ఎకరం మాత్రం మన ఎకరమే, 4,840 గజాలు, అక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు. నీళ్లని ఎకర్-ఫుట్‌లో కొలుస్తారు, ఎకరం మొత్తం అడుగు లోతు నిలిచే నీరు, దాదాపు 3,26,000 గ్యాలన్లు. ఎరువు లెక్కలు పౌండ్లలో. ఎకరానికి 100 పౌండ్ల నత్రజని కావాలంటే 46 శాతం ఉండే యూరియా ఎంత వేయాలి అని అడుగుతారు, 100ని 0.46తో భాగిస్తే 217 పౌండ్లు. మన 45 కిలోల యూరియా బస్తాతో ఇదే లెక్క వేసి చూడండి, బస్తాలో నత్రజని 20.7 కిలోలు, ఇలా రెండు వైపులా వేసుకుంటే చేతికి అలవాటవుతుంది, ఊరికి ఫోన్ చేసినప్పుడు నాన్నకో బాబాయికో ఇంకో బస్తా వేయొద్దు అని లెక్కతో సహా చెప్పొచ్చు.

పురుగులు చాలావరకు మనకి తెలిసినవే, పేనుబంక, తెల్లదోమ, తామర పురుగులు, ఎర్రనల్లి ఇవన్నీ ఇక్కడా ఉన్నాయి. వాటి ఇంగ్లీష్ పేర్లు, లాటిన్ పేర్లు ఫోటోతో పాటు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. యూసీ ఐపీఎం (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్ల పురుగుల నివారణ సమాచారం) సైట్‌లో పంటల వారీగా ఫోటోలు, ఎప్పుడు మందు అవసరం ఎప్పుడు అక్కర్లేదు అన్నీ ఉన్నాయి, క్లాసుకి ముందు రోజు అది చదువుకుని వెళ్తే ప్రొఫెసర్ చెప్పేది బుర్రకెక్కుతుంది. మందు డబ్బాల మీద మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఉంటాయి కదా, ఇక్కడ రంగులు ఉండవు, డేంజర్, వార్నింగ్, కాషన్ అనే మాటలు ఉంటాయి, డేంజర్ అన్నది అన్నిటికంటే విషం.

కరివేపాకు సంగతి

ఇది మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. నిమ్మ, నారింజ జాతి చెట్లని చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులుని ఏషియన్ సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు మోసుకెళ్తుంది. ఆ పురుగు కాలిఫోర్నియాలో 2008లో కనిపించింది, తెగులు 2012లో లాస్ ఏంజిలెస్ కౌంటీలో హాసియెండా హైట్స్‌లో ఒక పెరటి చెట్టులో బయటపడింది. తెగులు పట్టిన చెట్టుకి మందు లేదు, కొట్టేయడమే. ఆ పురుగుకి ఇష్టమైన మొక్కల్లో మన కరివేపాకు ఒకటి. అందుకే క్వారంటైన్ ఉన్న ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కలు, పిలకలు బయటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి. ఫ్రెండ్ ఇంటి నుంచి పిలక తెచ్చి కాలేజీ గ్రీన్‌హౌస్‌లో పెట్టడం అసలు చేయకండి, పక్కనే సిట్రస్ నర్సరీ మొక్కలు ఉంటే మొత్తం బ్లాకు ప్రమాదంలో పడుతుంది. మొక్క కావాలంటే లైసెన్స్ ఉన్న నర్సరీలో మీ ఊళ్లోనే కొనండి, కొత్త చిగుళ్ల మీద పసుపు రంగు చిన్న పిల్లపురుగులు, వాటి నుంచి మైనం దారాలు కనబడితే కౌంటీ అగ్రికల్చర్ కమిషనర్ ఆఫీసుకి ఫోన్ చేయండి, వాళ్లొచ్చి చూస్తారు. క్లాసులో ఈ టాపిక్ వచ్చినప్పుడు మీరు చేయెత్తి మన ఇళ్లలో ప్రతి పెరట్లో ఈ మొక్క ఉంటుందని చెప్పండి, ఆ ఇళ్లలోకి సమాచారం తీసుకెళ్లేవాళ్లు వాళ్లకి నిజంగా కావాలి.

ల్యాబ్ రోజుల్లో ఒంటిని చూసుకోండి

ఆగస్ట్‌లో వ్యాలీలో వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం మామూలే. ముందు మూసుకున్న బూట్లు, అంచు వెడల్పు టోపీ, పొడుగు చేతుల చొక్కా, రెండు సీసాల నీళ్లు, ఇవి లేకుండా పొలంలోకి రానివ్వరు. దుమ్ము రేగే పని ఉన్న రోజు ఎన్95 మాస్క్ పెట్టుకోండి, ఇక్కడి మట్టిలో ఉండే ఒక ఫంగస్ వల్ల వ్యాలీ ఫీవర్ వస్తుంది, వారాల తరబడి దగ్గు, జ్వరం, నీరసం ఉంటే డాక్టర్‌కి మీరు మట్టిలో పనిచేస్తారని చెప్పండి, లేకపోతే మామూలు న్యుమోనియా అనుకుని మందులిచ్చి పంపేస్తారు. మందు కొట్టిన బ్లాకు దగ్గర బోర్డు ఉంటే దాని మీద రాసిన గడువు అయ్యేదాకా అడుగుపెట్టొద్దు. డిసెంబర్, జనవరిలో హైవే 99 మీద ట్యూలీ పొగమంచు పడుతుంది, ముందు కారు కనబడదు, ఉదయం ఎనిమిదింటి క్లాసు ఉన్నవాళ్లు ఆ రోజుల్లో లేటైనా సరే మెల్లగా రండి, కాలేజీలు కూడా ఫాగీ డే షెడ్యూల్ పెడతాయి కొన్నిచోట్ల.

ట్రాన్స్‌ఫర్ కావాలంటే మొదటి సెమిస్టర్‌లోనే చూడాల్సినవి

అసిస్ట్ అనే స్టేట్ సైట్ ఉంది, మీ కాలేజీలో చేసిన ఏ క్లాసు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో అందులో ఉంటుంది. మీ కాలేజీ, వెళ్లాలనుకున్న యూనివర్సిటీ, మేజర్ పెట్టి ఆ పేజీ ప్రింట్ తీసి ఎడ్ ప్లాన్ పక్కన పెట్టుకోండి. ట్రాన్స్‌ఫర్ డిగ్రీ పూర్తి చేసినవాళ్లకి కాల్ స్టేట్ సిస్టమ్‌లో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లన్నీ కలిపి) సీటు గ్యారంటీ, 2010లో వచ్చిన చట్టం అది, అక్కడ ఇంకో 60 యూనిట్లు చేస్తే బ్యాచిలర్స్. అయితే గ్యారంటీ సిస్టమ్‌లో సీటుకే, మీరు కోరిన క్యాంపస్‌కి కాదు. వ్యవసాయానికి కాల్ స్టేట్‌లో ఫ్రెస్నో స్టేట్, కాల్ పాలీ సాన్ లూయిస్ ఒబిస్పో, చికో స్టేట్, కాల్ పాలీ పమోనా ముఖ్యమైనవి, ఫ్రెస్నో స్టేట్‌కి క్యాంపస్ పక్కనే సుమారు వెయ్యి ఎకరాల పొలం ఉంది.

యూసీ డేవిస్ మీద కన్నుంటే దారి కొంచెం వేరు. వాళ్లు బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ సీరీస్‌లు గట్టిగా అడుగుతారు, ట్రాన్స్‌ఫర్ డిగ్రీకి చాలిన కెమిస్ట్రీ అక్కడికి చాలదు. డేవిస్‌కి ట్యాగ్ అనే గ్యారంటీ అగ్రిమెంట్ ఉంది, దానికి సెప్టెంబర్‌లో అప్లై చేయాలి, మామూలు అప్లికేషన్లు కాల్ స్టేట్, యూసీ రెండు సిస్టమ్‌లకీ అక్టోబర్, నవంబర్‌లలో. 2025 ఫాల్ నుంచి జనరల్ ఎడ్యుకేషన్‌కి కాల్ గెట్‌సీ అని రెండిటికీ ఒకటే లిస్ట్ వచ్చింది, అది మనకి మంచిదే అయింది, ఇంతకుముందు రెండు వేర్వేరు లిస్టులు పట్టుకుని తల పట్టుకునేవాళ్లు పిల్లలు.

పని వెతుక్కునేటప్పుడు

వర్క్ ఎక్స్‌పీరియన్స్ అనే క్లాసు ఉంటుంది, పొలంలోనో ప్యాకింగ్ హౌస్‌లోనో చేసిన పనికి యూనిట్లు ఇస్తారు, అది వదలొద్దు. పెద్ద లక్ష్యం పెట్టుకునేవాళ్లు పెస్ట్ కంట్రోల్ అడ్వైజర్ లైసెన్స్ చూడండి, రైతులకి ఏ పురుగుకి ఏం చేయాలో రాతపూర్వకంగా సలహా ఇచ్చే హక్కు ఆ లైసెన్స్ ఉన్నవాళ్లకే ఉంటుంది, పరీక్షలు స్టేట్ పెస్టిసైడ్ రెగ్యులేషన్ డిపార్ట్‌మెంట్ పెడుతుంది. దానికి 42 సెమిస్టర్ యూనిట్ల కోర్ సబ్జెక్టులు కావాలి, పంటలు, మట్టి, పురుగులు, తెగుళ్లు, కలుపు వీటన్నిటిలో ఇన్ని అని ఉంటాయి, అందులో చాలావరకు కమ్యూనిటీ కాలేజీలోనే పూర్తి చేయొచ్చు, డిగ్రీ లేనివాళ్లని పని అనుభవం కూడా అడుగుతారు. ఆ కోర్ లిస్ట్ డిపార్ట్‌మెంట్ సైట్‌లోంచి దింపుకుని ఎలక్టివ్స్ ఎంచుకునేటప్పుడు పక్కన పెట్టుకోండి, కలుపు మొక్కల క్లాసు, కీటకాల క్లాసు రెండిట్లో ఏది తీసుకోవాలా అనే ప్రశ్నకి జవాబు అందులోనే దొరుకుతుంది.

చివరగా, ప్రతి క్లాసు సిలబస్ పీడీఎఫ్ దాచుకోండి, కోర్సు నంబర్, యూనిట్లు, చెప్పిన టాపిక్స్ కనబడేలా. రెండు మూడేళ్ల తర్వాత లైసెన్స్ అప్లికేషన్‌లోనో మాస్టర్స్‌లోనో ఈ క్లాసులో ఏం చెప్పారు అని అడిగితే అదే చూపించాలి, అప్పటికి కాలేజీ ఆ కోర్సు పేరు మార్చేసి ఉండొచ్చు.